ఎర్ర చెరుకు ప్రశ్న

ఎవరైనా నా ఎదురుగా "అందరూ అంతే", "అన్నీ అలాంటివే", "ఎప్పుడూ ఇంతే" అన్నారంటే నాకు కాలు నిలవదు. బియ్యం ఏరుతుంటే చెయ్యి ఆగిపోతుంది, రాళ్ళు బియ్యంలోనే ఉండిపోతాయి. "అన్నీనా? ఒక్కటైనా కాదా?" అని అడిగేదాకా ఊరుకోలేను. మా పిల్లలు నవ్వుతారు, అమ్మకి మళ్ళీ పరీక్ష పురుగు కుట్టింది అంటారు. నేను చదివింది మూడో తరగతి, అదీ సగం. జన్మలో ఒక్క పరీక్ష రాయలేదు. కాని పురుగు కుట్టిన మాట నిజం. అది మా ఆడపడుచు పరీక్ష.

యాభైల్లో మాట. నాది కె.కోటపాడు, పెళ్ళయ్యేక చోడవరం వచ్చేను. మా అత్తవారిల్లు ఊరి చివర, పెరటి కంప దాటితే చెరుకు తోటే. ఇంట్లో మావయ్య, అత్త, మా ఆయన, ఆయన చెల్లెలు. ఆ చెల్లెలికి పదిహేడేళ్ళు. ఎనిమిదో తరగతి పాసైంది. టీచరు ట్రైనింగుకి వెళ్ళాలని దాని ఆశ. ఆశ అంటే అలాంటిలాంటిది కాదు, కోళ్ళని గంప కింద మూసేటప్పుడు కూడా వాటికి హాజరు వేసేది.

ట్రైనింగులో చేర్చుకోడానికి పట్నంలో ఒక పరీక్ష పెట్టేవారు. లెక్కలు, తెలుగు, వాటితో పాటు "తెలివి ప్రశ్నలు" అని ఒక అచ్చు కాగితం. దాంట్లో రెండు మాటలిచ్చి, కింద మూడో మాట ఇస్తారు. మొదటి రెండూ నిజమనుకుంటే మూడోది వాటిలోంచి వస్తుందా రాదా చెప్పాలి. వస్తే "వచ్చును" కింద గీత, రాకపోతే "రాదు" కింద గీత. అంతే. చూడ్డానికి చింతపండు గింజ తీసినంత పని.

మొదటిసారి రాసి వచ్చిన సాయంత్రం, నేను నిజంగానే చింతపండు గింజ తీస్తుంటే, పక్కన కూలబడి ఆ కాగితమంతా నాకు అప్పజెప్పింది. పదిహేడు ప్రశ్నలు. అది ఒక్కసారే చెప్పింది, మర్నాటికి సగం మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. ఇప్పుడడిగినా పదిహేడూ వరసగా చెప్తాను. చదువు లేనివాళ్ళకి రాసుకోడానికి చోటు అదొక్కటే కదా.

ఆ పరీక్ష పోయింది. రెండు మూడు మార్కుల్లో పోయింది. పోయినందుకు గుంట, మా వైపు ఆడపిల్లని అలాగే అంటాం, రెండు పూటలు అన్నం మానేసింది. దానికి చదువు చెప్పిన మాస్టారు ఎవరినో అడిగి, ఆ తెలివి కాగితానికి జవాబులు కనుక్కుని వచ్చేరు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్తుంటే తొమ్మిదో ప్రశ్న దగ్గర గొడవ లేచింది.

తొమ్మిదో ప్రశ్న ఇది. "చెరుకులన్నియు తియ్యగా నుండును. తియ్యనివానిలో కొన్ని ఎర్రగా నుండును. కావున చెరుకులలో కొన్ని ఎర్రగా నుండును."

గుంట "వచ్చును" కింద గీత పెట్టింది. మాస్టారు "రాదు" అన్నారు.

మా మావయ్య తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అది ఆయనకి కోపమొచ్చిన గుర్తు.

"రాదేటండీ? రోలుగుంట నించి బండి కట్టించి ఎర్ర చెరుకు ముక్కలు తెచ్చి పాతేను. రండి, సూపిస్తాను. తోటంతా ఎర్రగా నిలబడుంది!"

"చెరుకు ఎర్రగా ఉండదని కాదండీ..." అని మాస్టారు నీళ్ళు నమిలేరు. ఆయనకి జవాబు తెలుసు గాని ఎందుకో తెలీదు. మజ్జిగ తాగి వెళ్ళిపోయేరు.

"చెరుకు మొహం సూడనోడు పెట్టినాడే ఆ పరీక్ష," అన్నాడు మావయ్య కూతురితో. "నీ తప్పు లేదమ్మా. ఇంక దాని జోలికి ఎల్లకు."

చోడవరంలో ఎవరినడిగినా ఆ ప్రశ్నకి "వచ్చును" అనే అంటారు. అన్నారు కూడా. మా ఆయన అన్నాడు, అత్త అంది, నేనూ అన్నాను. గోధుమలు పండించే ఊళ్ళో ఆ ప్రశ్న ఇస్తే వాళ్ళు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారేమో. మాకు ఆలోచించే పని లేకపోయింది. వాకిట్లోంచి కనపడుతుంటే ఇంక ఆలోచనేమిటి?

కాని ఆ తొమ్మిదో ప్రశ్న నన్ను వదల్లేదు. నూతి దగ్గర చేద లాగుతుంటే అదే, పిడకలు కొడుతుంటే అదే. తప్పెక్కడుంది? ఉంటే కనపడదేం? ఒకరోజు పొద్దున్న కుడితి పెట్టడానికి వెళ్ళేను. మా ఆవు పడుకుని నెమరేస్తోంది. దాని వెనక కట్టిన మేకా నెమరేస్తోంది. రెండూ ఒక్కలాగే దవడ తిప్పుతున్నాయి. చూస్తూ చూస్తూ కుడితి తొట్టి అక్కడే వదిలేసి పరిగెత్తేను.

"ఒసే గుంటా! ఇది ఇను. ఆవులన్నీ నెమరేస్తాయి. అవునా?"

"అవును."

"నెమరేసేవాటిల్లో కొన్ని మేకలు. అవునా?"

"అవును వదినా."

"కాబట్టి ఆవుల్లో కొన్ని మేకలు!"

అది నోరు తెరిచింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూ నవ్వుతూ టక్కున ఆగి, నా చేతులు పట్టుకుంది. "వదినా, మాటల వరస అదే! చెరుకు ప్రశ్నా ఇదీ ఒక్క వరసే. ఆ వరసలో ఎల్తే ఆవు మేకైపోతన్నాది. అయితే ఆ వరసని నమ్మకూడదు."

చెరుకులన్నీ తీపివాటిల్లో ఉన్నాయి, నిజం. ఎర్రవి కొన్ని తీపివాటిల్లో ఉన్నాయి, నిజం. కాని ఆ కొన్నీ ఈ చెరుకులే అవ్వాలని ఎవరు చెప్పేరు? ఆ రెండు మాటల్లోనూ ఆ సంగతి లేదు. దాన్ని మా కళ్ళు మా పెరట్లోంచి తెచ్చి అక్కడ పెట్టేయి.

గుంట పరిగెత్తుకెళ్ళి తండ్రికి చెప్పింది. ఆయన ఆవూ మేకా కథకి బాగానే నవ్వేడు. "ఆవు మేకవ్వదు గాని, చెరుకు మట్టుకు ఎర్రగా ఉంటాది," అన్నాడు.

"ఉంటాది అయ్యా. అది నీ తోటలోంచి తెలిసింది. ఆల మాటల్లోంచి తెలీలేదు."

"తోటలోంచి తెలిసింది తెలివి కాదేటి?"

అయినా ఆ నవ్వు మీదే ఆయన మెత్తబడి, ఇంకొక్కసారి రాయనిస్తానన్నాడు. "ఇదే ఆకరు. పోతే మళ్ళీ ఆ మాట నా ఇంట్లో ఇనపడకూడదు." ఆయన మాటంటే మాటే. ఇచ్చినా అంతే, తీసుకున్నా అంతే.

ఆ ఏడాదంతా దానికి నేనే పుస్తకం. వంటింట్లో కూరలు తరుగుతూ పదిహేడు ప్రశ్నలూ తిప్పి తిప్పి అడిగేదాన్ని. చెరుకు తీసి దోసకాయ పెట్టేదాన్ని, "కొన్ని" తీసి "అన్నీ" పెట్టేదాన్ని. "కొందరు కోడళ్ళు మాట వింటారు, మాట వినేవాళ్ళందరూ మంచివాళ్ళు" అని మొదలెడితే మా అత్త గుమ్మంలోంచి "ఆ కొందరు ఏ ఊళ్ళో ఉన్నారో సెప్పు, సూసొస్తాను" అనేది.

మళ్ళీ గానుగలు కట్టే రోజులొచ్చేయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బెల్లం వండేటప్పుడు, రసం మరిగి మరిగి పాకం తిరిగే వేళ ఆడవాళ్ళు పెనం దగ్గరికి వెళ్ళకూడదని మా ఇంటి కట్టు. వెళ్తే పాకం చెడుతుందని. పిప్పి కుప్ప ఇవతలే ఆగిపోవాలి. గంజి తెచ్చినా కుప్ప మీద పెట్టి కేక వెయ్యాలి. పెనం దగ్గర తెడ్డు పట్టేది మావయ్య ఒక్కడే. ఆయన పాకం చుక్క చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, "దించండి" అంటే దించేవారు.

పరీక్ష ఇంక అయిదు రోజులుందనగా పోస్టు జవాను కార్డు తెచ్చేడు. ఫలానా రోజు, ఫలానా చోట హాజరు కావలెను అని. గుంట ఆ కార్డు పట్టుకుని కాళ్ళు భూమ్మీద ఆనకుండా గానుగ దగ్గరికి పరిగెత్తింది. నేను వెనకాల "ఒసే, కుప్ప దగ్గిరాగు!" అని అరుస్తూనే ఉన్నాను. వినిపించుకోలేదు. తిన్నగా వెళ్ళి మరుగుతున్న పెనం పక్కన నిలబడి, "అయ్యా, కార్డొచ్చినాది!" అంది.

ఆ పెనంలో బెల్లం కట్టలేదు. దించేరు, తొట్టెలో పోసేరు, కలియబెట్టేరు. చల్లారినా దిమ్మ కట్టలేదు. చెయ్యి పెడితే జిగురు జిగురుగా వేళ్ళని పట్టుకుని సాగింది.

మావయ్య కేకలెయ్యలేదు. తొట్టె చుట్టూ రెండుసార్లు తిరిగేడు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కార్డు ఎవరికి సూపించడానికి వచ్చేవో ఆడు సూసేడు. ఇంక దాన్ని పొయ్యిలో పడేయ్. పరీక్షా లేదు, పట్నమూ లేదు. ఇంటి కట్టు నిలబెట్టలేని గుంట, బడిలో పిల్లల్ని ఏటి నిలబెడతాది?"

ఇంటికొచ్చేక మా అత్త వేళ్ళు ముడుస్తూ చెప్పుకొచ్చింది. "మా అత్త రోజుల్లో ఓపాలి పాకం సెడిపోనాది. ఆ రోజు ఆవిడ సెల్లెలు పెనం దగ్గిరికొచ్చింది. నా పెళ్ళైన ఏడు ఓపాలి. అప్పుడు పెద్దాడబిడ్డ వచ్చింది. ఇప్పుడిది. ఆడది అడుగెట్టినప్పుడల్లా సెడతన్నాది. ఎప్పుడూ అంతే."

గుంట ఏడుస్తూనే అంది, "అమ్మా, సెడిన రోజులే ముడిసేవు. ఆడది వచ్చినా సెడని రోజులు ఎవరు ముడిసేరు?"

"ఉంటే కదే ముడవడానికి!"

"ఒక్కటుంటే సాలే అమ్మా. ఎప్పుడూ అన్నమాట ఇరిగిపోడానికి ఒక్కటి సాలు."

నేను పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతున్నాను. ఆ మాట వినగానే ఊపిరి గొట్టంలో ఆగిపోయింది.

ఆ ఒక్కటి నా దగ్గరుంది.

అంతకు ముందు నెల మావయ్య మా కె.కోటపాడు వెళ్ళేడు, ఎవరో పోతే పలకరించడానికి. పెనం మా ఆయన మీద వదిలి వెళ్ళేడు, మొట్టమొదటిసారి. ఆ రోజు నేను గంజి తీసుకెళ్ళి కుప్ప మీద పెట్టి కేకేస్తే పలుకు లేదు. తొంగి చూస్తే, కూలీలు ఎద్దుల్ని నీళ్ళకి తోలుకెళ్ళేరు, మా ఆయన ఒక్కడే చెమటలు కక్కుకుంటూ, ఒక చేత్తో తెడ్డు, ఒక చేత్తో చన్నీళ్ళ ముంత. తెడ్డు ఆపితే పాకం మాడుతుంది. ఆపకపోతే ఉండ చూడ్డానికి రెండో చెయ్యి లేదు. నన్ను చూసేడు. "ఒసే, రా! ఇది తిప్పు!" అన్నాడు. వెళ్ళేను. తెడ్డు తీసుకున్నాను. ఆయన ఉండ చూసి "అయిపోనాది" అనేదాకా తిప్పుతూనే ఉన్నాను.

ఆ పెనం రాయిలా కట్టింది. మావయ్య తిరిగొచ్చి దిమ్మ పగలగొట్టి, ముక్క నోట్లో వేసుకుని, "ఈ ఏటికి ఇదే బెల్లం. నా కొడుకు సెయ్యి," అన్నాడు. అందులో ఒక దిమ్మ తీసి, తాటాకు చుట్టి, అటక మీద పెట్టించేడు, వచ్చిన బంధువులకి చూపించడానికి. మా ఆయన నా వంక చూసి కళ్ళతోనే వద్దన్నాడు. నేను నోరు కుట్టుకున్నాను.

ఇప్పుడు ఆ దిమ్మ నా నెత్తి మీద, అటక మీద ఉంది. కింద గుంట కార్డు పొయ్యిలో పడెయ్యక, దాచుకోనూలేక, దిండు కింద పెట్టి తీసి పెట్టి తీసి చూసుకుంటోంది. నాకు నాలుగో నెల. అన్నం లోపలికి పోదు. ఇంట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి ఇంట్లోకి. నీళ్ళున్న కుండలోనే మళ్ళీ నీళ్ళు పోసేను, నేలంతా చెరువైంది. తుడిచిన అరుగే మళ్ళీ తుడిచేను. మా అత్త "వేవిళ్ళా?" అంది. తలూపేను.

మర్నాడు తోటలో మా ఆయన్ని పట్టుకున్నాను.

"సెప్పేస్తాను," అన్నాను.

"ఏటి సెప్తావు? నా సెయ్యి కాదు, నీ సెయ్యని సెప్తావా?"

"ఉండ సూసింది నువ్వే కదా. నేను తెడ్డే తిప్పేను."

"అయ్య ఊరంతా సెప్పుకున్నాడే! రేపు నా మొహం ఎలగ సూస్తాడు?"

"నీ సెల్లెలి మొహం నువ్వెలగ సూస్తన్నావు?"

ఆయన చెరుకు ఆకు తుంపుతూ ఉండిపోయేడు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఆ చెడిన పెనంలోకి వాడిన చెరుకు, కోసి రెండు రోజులు ఎండలో పడేసినది. ఎద్దు కుంటి గానుగ ఆగిపోతే అలాగే పడుంది. రసం పొంగుతుంటేనే పులుపు వాసన కొట్టింది, కుప్ప ఇవతల ఉన్న నాకే తెలిసింది. నలభై ఏళ్ళు పాకం వండిన మావయ్య ముక్కుకి తెలీదా? కాని ఆ మాట కోడలు అనగలిగే మాట కాదు. మావయ్యతో నేను అంతవరకు ఎదురుగా మాట్లాడనే లేదు. ఆయనకేదైనా చెప్పాలంటే గోడకి చెప్పేదాన్ని, ఆయన వినేవాడు.

పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం. మగవాళ్ళిద్దరూ అన్నాలకి కూర్చున్నారు. అత్త వడ్డిస్తోంది. గుంట మూల కూర్చుని కార్డు అంచులు దువ్వుతోంది. మర్నాడు పొద్దున్న మొదటి బస్సు అందుకోకపోతే అనకాపల్లిలో రైలు అందదు. నేను తలుపు చాటున మజ్జిగ ముంత పట్టుకుని నిలబడ్డాను.

గోడకి చెప్పేను. "అత్తా, మావయ్యకి సెప్పు. ఆడది వచ్చినా సెడని పెనం ఒకటుంది."

మావయ్య ముద్ద చేతిలోనే ఆగింది. "ఏ పెనం?"

"అటక మీదున్న దిమ్మ పెనం. మావయ్య మా ఊరు పలకరింపుకెళ్ళిన రోజుది. ఎర్రెద్దు, బోడెద్దు కట్టేరు ఆ రోజు. దిగువ మడి చెరుకు. పొద్దెక్కి గుడిసె నీడ తొట్టె అంచుకి వచ్చినప్పుడు పాకం తిరిగింది. తెడ్డు నేను తిప్పేను."

మా అత్త చేతిలో గరిటె నుంచి పప్పు ఆకు మీద కాకుండా నేల మీద పడుతోంది.

"ఓలమ్మో," అంది అత్త. "కడుపుతో ఉండి!"

మావయ్య కొడుకు వంక తిరిగేడు. "నిజవేనేట్రా?"

మా ఆయన తలెత్తలేదు. "ఉండ నేను సూసేను అయ్యా. తెడ్డు దానిదే. అది రాకపోతే మాడిపోయేది."

మావయ్య చెయ్యి కడుక్కోకుండానే లేచేడు. నిచ్చెన వేసుకుని అటక ఎక్కేడు. దిమ్మ దించి, తాటాకు విప్పి, వాకిట్లో రోకలి పోటు ఒకటి వేసేడు. ఖణేలుమంది. లోపల ఇసకలాగ గరగరలాడే బెల్లం. ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. కొరుకుతూ కొరుకుతూ గానుగ వైపు చాలాసేపు చూసేడు. అటు ఎండిన చెరుకు ఇంకో మోపు పడుంది.

"ఆ మోపు గానుగకెట్టకండి," అన్నాడు. "పశువులకి ఏసేయండి."

మా అత్త ఉండబట్టలేక, "అయితే ఏటంటావు? ఆడది వస్తే పాకం ఎప్పుడూ సెడదనా?" అంది.

మూల నుంచి గుంట ముక్కు ఎగబీలుస్తూ, "అదీ రాదే అమ్మా. ఒక్క పెనం బట్టి అలగనీ అనకూడదు," అంది.

దానికి మావయ్య నవ్వాలో వద్దో తెలీనట్టు మొహం పెట్టేడు. నా వైపు తిరక్కుండా, నేను రోజూ మాట్లాడే గోడ వైపే తిరిగి, "పొద్దున్న బస్సుకి దానికి తోడు ఎవరెల్తారు?" అన్నాడు. మళ్ళీ తనే, "తెడ్డు తిప్పినావిడే ఎల్తాది," అన్నాడు.

నేను పట్నం చూడ్డం అదే మొదలు. చూసింది మాత్రం ఏమీ లేదు. పరీక్ష గది బయట కానుగ చెట్టు కింద కూర్చున్నాను, లేచేను, మళ్ళీ కూర్చున్నాను. లోపల అందరూ తలలు వంచుకుని రాస్తున్నారు. గంట కొట్టేక గుంట వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలీలేదు.

"సెరుకు అడిగేరా?"

"లేదు వదినా. కొబ్బరి అడిగేరు." నడుస్తూ చెప్పింది. "కొబ్బరి చెట్లన్నీ పొడుగు. పొడుగువాటిల్లో కొన్ని వంకర. కాబట్టి కొబ్బరి చెట్లలో కొన్ని వంకర. కిటికీలోంచి సూస్తే ఎదురుగా ఒక వంకర కొబ్బరి చెట్టుంది! నా పక్క గుంట దాన్ని సూసి గీత పెట్టేసింది."

"మరి నువ్వు?"

"కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను."

నెలన్నరకి సీటు వచ్చింది. ట్రంకుపెట్టె సర్దుతుంటే మావయ్య ఆ పగిలిన దిమ్మలో సగం తాటాకులో చుట్టి దాని పెట్టెలో తనే పెట్టేడు. మిగతా సగం, బంధువులకి చూపించడం మానేసి, మేం తినేసేం. నా వాటాకి పెద్ద ముక్కే వచ్చింది.

కట్టు మాత్రం ఆయన తియ్యలేదు. మరుసటి ఏడు కూడా పెనం తిరిగే వేళ పిప్పి కుప్ప దాటనివ్వలేదు. పక్క తోట వాళ్ళెవరో ఏటండీ ఈ పట్టింపు అంటే, "ఆడది వస్తే పాకం..." అని మొదలెట్టి, కుప్ప ఇవతల గంజి కుండతో నిలబడ్డ నన్ను చూసి, గొంతు సవరించుకుని, "ఒకోసారి సెడతాదండీ. ఒకోసారి," అన్నాడు.